బీరువాలో పెట్టిన గ్రహాలు

మా బడిలో రెండో తరగతికి చెప్పిన టీచరమ్మ పోయారని మొన్న తిరువూరు బస్టాండులో టీ తాగుతుంటే తెలిసింది. ఆమె మంచితనం కంటే ముందు, ఆమెకిచ్చి తప్పిన మాట గుర్తొచ్చింది. "పుస్తకాలు పిల్లల చేతికే ఇద్దాం టీచరుగారూ" అన్నాడు హెడ్మాస్టరు. ఆయన నాకు స్వయానా అక్క మొగుడు. పక్క గదిలో తెలుగు చెబుతూ, పాఠం ఆపుకుని ఆ మాట విన్నది నేనే.

విజయవాడ వెళ్లి సౌరకుటుంబం మీద బొమ్మల పుస్తకాలు తెచ్చారామె. కథలు కావు, ఉన్నదున్నట్టు చెప్పే పుస్తకాలు. గ్రహాల పేర్లడిగితే పిల్లలంతా "రాహువు, కేతువు" అని అరిచారు. గుడిలో నవగ్రహాల దగ్గర చూసినవి అవే మరి. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మరి భూమి ఏదర్రా?"

"భూమి గ్రహమెందుకవుద్ది టీచర్? మనం దాని మీదే ఉన్నాంగా!"

"నన్ను చూసి చెప్పొద్దు, బొమ్మ చూసి చెప్పండి."

ఎప్పుడూ అదే మాట. వాళ్ల వేళ్లతోనే భూమిని వెతికించేవారు. తెలియనిది అడిగితే, "నాకూ తెలీదు, పుస్తకాన్ని అడుగుదాం" అనేవారు. ఇన్ని పుస్తకాలు చదివిన నా నోట క్లాసులో ఆ మాట ఒక్కనాడూ రాలేదు.

కొన్నాళ్లకు శని వలయాల మీద మామిడి తాండ్ర మరక పడింది. మా బావ అదిరిపడ్డాడు.

"ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినోళ్లు చూస్తే?"

"మరక పడిందంటే చదివారని కదా సార్!"

"చినిగితే ఎవరు జవాబు చెప్తారమ్మా?"

పుస్తకాలన్నీ బీరువాలోకి, తాళంచెవి ఆయన మొలతాడుకి. నేను వెళ్లి అడిగితే, "నీ పద్యాలు నువ్వు చూసుకో బావమరిదీ" అన్నాడు.

ఆ తర్వాత ఆమె బడి ఆవరణలో సుద్దముక్కతో గ్రహాల దారులు గీసి పిల్లల్ని వాటి మీద తిప్పేవారు. "శని ఎంత దూరం టీచర్?" అంటే, "పుస్తకంలో ఉందర్రా" అని బీరువా వైపు చూసేవారు.

నిన్న సంతాపసభలో మా బావ మైకు పట్టుకుని, "ఆవిడకు పుస్తకాలంటే ప్రాణం" అన్నాడు. ఆ ప్రాణాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది ఎవరయ్యా? చప్పట్లు కూడా కొట్టారు జనం.

కొన్నేళ్ల కిందట, ఆయన రిటైరైన రోజున ఆ బీరువా తెరిచాం. అప్పటికే పుస్తకాలను చెదలు సూర్యుడి దగ్గర మొదలుపెట్టి వరసగా తినుకుంటూ పోయాయి. చివరి పేజీలో నెప్ట్యూన్ ఒక్కటే నీలంగా మిగిలింది. టీచరమ్మ దాన్ని చీర కొంగుతో తుడిచి, "దీని దాకా రానేలేదు పిల్లలు" అన్నారు.

చెదల మీద నాకు కోపం లేదు. ఈనాటికీ నా కోపమంతా మా బావ మీదే.