తాగకూడని వేళ హాజీ తాగిన కాఫీ

సల్త్ పట్టణపు హాజీ ముఫ్లెహ్ తాగిన ఒక్క గుక్క కాఫీ వల్ల జోర్డాన్ దేశమంతటా ఏడాదిపాటు ఒక్క పెళ్ళి కూడా జరగలేదు.

సరే, ఒక్కటి కూడా అనడం కాస్త ఎక్కువే. పెళ్ళిళ్ళు జరిగాయి. బాగానే జరిగాయి. హాజీ లేకుండా జరిగాయి. ఆయన దృష్టిలో అవి జరగనట్టే లెక్క.

ఎందుకంటే ఆ కొండల ఊళ్ళో ఎవరింటి కుర్రాడికి పిల్లనడగాలన్నా జాహాకి ముందు నడిచేది ఆయనే. మగపెళ్ళివారి తరఫున పిల్లనడగడానికి కదిలే పెద్దమనుషుల గుంపే జాహా. వందమంది వెళ్ళినా, మూడొందలమంది వెళ్ళినా మాట్లాడేది ఒక్కడే. ఆడపెళ్ళివారు ఆ ఒక్కడికి పిడి లేని చిన్న కప్పులో చేదు కాఫీ ఇస్తారు. ఆయన దాన్ని ముట్టకుండా ముందు పెట్టుకుని, వచ్చిన పని అయ్యేదాకా తాగనంటాడు. పిల్లనిచ్చాం, తాగండి అని అవతలివాళ్ళు అన్నాకే తాగుతాడు. ఇది పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

హాజీకి మరీ బాగా తెలుసు. ఆయన ప్రసంగం ఆదాము హవ్వల పెళ్ళితో మొదలయ్యేది. ఇరువైపుల తాతముత్తాతల్ని పేరుపేరునా పలకరించుకుంటూ పెళ్ళికొడుకు దాకా వచ్చేసరికి, వెనక వరుసలో ముసలివాళ్ళు ఒక కునుకు తీసి లేచి కూర్చునేవారు. ఆ పొడుగే కొంప ముంచింది. కిందటేడు వేసవిలో ఇర్బిద్‌లో ఒకరింట, పెళ్ళికొడుకు ముత్తాత గుర్రాన్ని పొగుడుతుండగా గొంతెండిపోయింది. ఇంట్లో చేసే పనే చెయ్యి చేసేసింది. కప్పు తీసింది, నోటికి అందించింది. అంతటితో ఆగితే దగ్గు వచ్చిందనో మరొకటో చెప్పుకునేవాడు. ఖాళీ కప్పుని అటూ ఇటూ ఊపి, చాలు ఇక వద్దన్నట్టు కాఫీ పోసేవాడి చేతికి ఇచ్చేశాడు కూడా.

పిల్ల తండ్రి మీసం సవరించుకుని అడిగాడు.

“దాహం తీరిందా, అబూ తైసీర్? ఇంతకీ ఏం పనిమీద వచ్చారు?”

పెద్దకొడుకు తైసీర్ పేరుమీద హాజీని అందరూ అలాగే పిలుస్తారు. ఆ రోజు పిల్లనిచ్చారు, నవ్వీ నవ్వీ ఇచ్చారు. ఆ జంట ఇప్పుడు కులాసాగానే ఉంది. కానీ ఆ హాల్లో ప్రతి చేతిలోనూ ఒక ఫోనుంది. మర్నాటినుంచి ఎవరు హాజీ ముఫ్లెహ్ పేరు ఫోన్లో కొట్టి వెతికినా, మొట్టమొదట కనిపించేది కప్పు ఊపుతున్న చెయ్యి, వినిపించేది ‘దాహం తీరిందా’ అన్న ప్రశ్న.

ఆ తరవాత హాజీకి ఒకచోట కాలు నిలవలేదు. మసీదు మెట్లమీద చెప్పులు వేసుకుంటూ ఫోను తీసేవాడు. మంగలి గడ్డం సగం గీశాక తీసేవాడు. దారిలో ఎవరైనా నవ్వితే చాలు, ఎదర సందులోకి తిరిగిపోయేవాడు. ఆ సందు ఎటు పోతుందో కూడా చూసుకునేవాడు కాడు. పిల్లనడగడానికి పిలిచేవాళ్ళు తగ్గారు. “ఎండలో మిమ్మల్నెందుకు శ్రమపెట్టడం హాజీ” అన్నారు. డిసెంబరులో కూడా అదే మాట అన్నారు.

కూతురు నిస్రీన్ ఆడపిల్లల బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. ఒకరోజు తండ్రి ఫోను లాక్కుని చూసింది.

“నాన్నా, ఇవాళ ఈ వీడియోని ఎన్నిసార్లు తెరిచావు?”

“నేనెందుకు తెరుస్తాను? పోయిందేమోనని చూశానంతే.”

“చూడ్డమంటే తెరవడమేగా! ఎవరో పాపం దీనికోసం తెగ వెతుకుతున్నారని అది ఇంకా పైకి తెచ్చి పెడుతుంది. నీ వీడియోకి నిన్ను మించిన అభిమాని లేడు.”

“అయితే తీయించెయ్.”

“తీయడం మన చేతిలో లేదు. కొత్తవి, మంచివి, నిజమైనవి నాలుగు పెడితే మెల్లగా ఇది కిందికి పోతుంది. నువ్వు చేయాల్సిందల్లా దాన్ని ముట్టుకోకపోవడం.”

ముట్టుకోనని ఒట్టు వేశాడు. ఒట్టు వేసి స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. కాసేపటికి లోపలినుంచి ‘దాహం తీరిందా’ అని చిన్నగా వినిపించింది.

“తీరిందిలే, బయటికి రా!” అని కేకేసింది భార్య ఉమ్ తైసీర్.

ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. శుక్రవారం వంశంవాళ్ళంతా చేరే పెద్దచావిడికి వెళ్ళి లేచి నిలబడ్డాడు. ఈ పాడు వీడియో మీద తలా ఒక ఫిర్యాదు నొక్కండి, మన పరువు నిలబెట్టండి అని బతిమాలాడు. రెండువందలమంది మగవాళ్ళు ఒక్కసారిగా ఫోన్లు తీశారు. ఫిర్యాదు నొక్కాలంటే ముందు తెరవాలి కదా. తెరిచాక చివరిదాకా చూడకుండా ఎవరుంటారు? దూరంగా కూర్చున్న ఒక ముసలాయన, “ఆ ఊపడం చూడండ్రా, ఎంత నిఖార్సుగా ఊపాడో!” అని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. సాయంత్రానికి ఆ వీడియో అప్పటిదాకా దాన్ని ఎరగని ఊళ్ళకి కూడా చేరింది.

నిస్రీన్ తల పట్టుకుంది. తండ్రి గురించి ఒక పేజీ తయారుచేసింది. ఆయన కలిపిన పెళ్ళిళ్ళు, నీటి తగాదాలో ఆయన రాజీ చేసిన రెండు కుటుంబాలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసింది. హాజీ చదివి సంతోషించాడు. ఆమె బడికి వెళ్ళగానే పైన లావు అక్షరాలతో తానే ఒక వాక్యం చేర్చాడు: ‘హాజీ ముఫ్లెహ్ ఆ కాఫీ తాగలేదు.’ అప్పటినుంచి ఆయన పేరులో సగం కొట్టేసరికి మిగతా సగం బదులు ‘కాఫీ’ అని ఫోనే అందించడం మొదలుపెట్టింది.

ఇంతలో మాదబానుంచి కబురొచ్చింది.

హాజీ తమ్ముడు చిన్నవయసులోనే పోయాడు. అతని కొడుకు ఘైథ్ ఈ ఇంట్లోనే పెరిగాడు. తమ్ముడు మంచంలో ఉండగా హాజీ అతని చెయ్యి పట్టుకుని ఒక్క మాటే ఇచ్చాడు: వీడికి పిల్లనడిగేనాడు నేనే మాట్లాడతాను అని. ఇప్పుడు ఘైథ్ మాదబా పిల్లని ఇష్టపడ్డాడు. ఆ పిల్ల చిన్నాన్న ఘైథ్‌కి ఫోన్ చేసి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. వాళ్ళన్నయ్య, అంటే పిల్ల తండ్రి, హాజీగారి పేరు ఫోన్లో కొట్టి చూశాడట. హాజీగారంటే గౌరవమేనట. అయితే పిల్ల తరఫు బంధువులు కాస్త నవ్వే రకమట. పదవీ విరమణ చేసిన సైన్యాధికారి ఎవరైనా మాట్లాడితే బాగుంటుందేమోనట.

ఈ సంగతి చెప్పడానికి ఘైథ్ వంటింటి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

“పెద్నాన్నా, నువ్వు ముందు వరసలోనే కూర్చుంటావు. అందరికన్నా ముందు.”

“కూర్చుంటాను.”

“మాట మాత్రం ఎవరైనా సైన్యాధికారి...”

“నీ ఇష్టంరా. నీ పెళ్ళి.”

“కోపమొచ్చిందా?”

“నాకెందుకు కోపం? మాట్లాడీ మాట్లాడీ నాకూ నోరు నొప్పిగా ఉంది.” అని హాజీ చక్కెర డబ్బా మూత తీసి పెట్టాడు, మళ్ళీ తీసి పెట్టాడు, టీలో చక్కెర వేసుకోవడం మాత్రం మరిచిపోయాడు.

“అన్నేళ్ళు అందరి పిల్లలకీ మాట్లాడాడు,” అంది ఉమ్ తైసీర్ పొయ్యివైపు తిరిగి, ఎవరితోనో అన్నట్టు. “సొంత పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి బొమ్మలా కూర్చోబెడుతున్నారు.”

ఘైథ్ బయటికి వెళ్ళి, మెట్లు సగం దిగి, మళ్ళీ ఎక్కి వచ్చాడు. హాజీ అప్పటికే ఫోను తెరిచి, తన చెయ్యి కప్పు ఊపడం చూస్తున్నాడు. మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. పళ్ళు నొప్పెడుతున్నవాడు నాలుకతో అక్కడే తడుముకుంటున్నట్టుంది.

“పెద్నాన్నా, నువ్వే మాట్లాడు. వాళ్ళకి నేను చెప్పుకుంటాను. కానీ ఒకటి.”

“కాఫీ ముట్టను. అల్లా సాక్షి.”

“అది కాదు. ఆదాము దగ్గర మొదలుపెట్టకు.”

“మరెక్కడ మొదలుపెట్టనురా?”

“నా దగ్గర.”

ఆలివ్ కోతలు అయిన వారం జాహా బస్సులెక్కి మాదబా వెళ్ళింది. పిల్ల తండ్రి అబూ రాకాన్ భారీ మనిషి, మాట తక్కువ. కాఫీ వచ్చింది. హాజీ కప్పు అందుకుని ఎదురుగా బల్లమీద పెట్టాడు. అంతే, హాల్లో ఫోన్లన్నీ లేచాయి. ఆడపెళ్ళివారివి, మగపెళ్ళివారివి కూడా. ఎవరూ హాజీ మొహం చూడడం లేదు. అందరూ కప్పునే చూస్తున్నారు.

హాజీ రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుని ఘైథ్ దగ్గర మొదలుపెట్టాడు. తండ్రి పోయినరోజు అన్నం తినకుండా కోళ్ళగూటి వెనక దాక్కున్న పిల్లాణ్ణి గురించి చెప్పాడు. వాడికి అబద్ధం చెప్పడం చేతకాదన్నాడు. వాడికి మీ పిల్లనివ్వండి అన్నాడు. అంతలోనే ప్రసంగం అయిపోయింది. వెనక ముసలివాళ్ళకి కునుకు పట్టే వ్యవధి కూడా దొరకలేదు.

“మీరడిగింది ఇచ్చాం,” అన్నాడు అబూ రాకాన్. “కాఫీ తాగండి.”

హాజీ కప్పువైపు చూశాడు. ఫోన్లవైపు చూశాడు. చెయ్యి లేవలేదు. లేపుదామనే అనుకున్నాడు, ఒళ్ళోంచి కదలలేదది. ఇచ్చాం అన్నది నిజంగా విన్నాడా, లేక వినాలని అనుకున్నాడా? ఇర్బిద్‌లో కూడా చెయ్యి తనకి తెలియకుండానే కదిలింది కదా!

“తాగండి, అబూ తైసీర్.”

చెయ్యి లేవలేదు. పిల్లనిచ్చామన్నాక కూడా కాఫీ తాగలేదంటే, అడగాల్సింది ఇంకా ఉందనే అర్థం. అబూ రాకాన్ తమ్ముడివైపు చూశాడు. తమ్ముడు చెవిలో ఏదో చెప్పాడు.

“మంచిది. పెళ్ళి రంజాన్ అయ్యాక అనుకున్నాం. కుర్రాడు ముందే కావాలన్నాడట. ముందే చేద్దాం. తాగండి.”

హాజీ నుదుట చెమట పట్టింది. అది పట్టుదల చెమట అనుకున్నారు.

“హాలు ఖర్చు మాది,” అన్నాడు చిన్నాన్న తొందరగా, అది మగపెళ్ళివారు పెట్టుకునేదే అయినా.

హాజీ కప్పుమీంచి చూపు తిప్పలేదు.

“పిల్లకి మీరు పెట్టాల్సిన బంగారం,” అని అబూ రాకాన్ గొంతు సవరించుకున్నాడు, “మీకు తోచినంత పెట్టండి. మేం అడగం. ఇక తాగవయ్యా మహానుభావా!”

ఘైథ్ వెనకనుంచి వంగి, చెవిలో అన్నాడు. “పెద్నాన్నా, తాగు. ఇంకాసేపుంటే వాళ్ళ పొలం కూడా రాసిచ్చేట్టున్నారు.”

అప్పుడు తాగాడు. అది చల్లారి మందులా ఉంది. కప్పు ఊపలేదు. రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కాఫీ పోసేవాడే వచ్చి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి తీసుకున్నాడు.

ఆ వారంలోనే ఇర్బిద్ వీడియో కిందికి పోయింది. ఇప్పుడు హాజీ పేరు కొడితే పైన వచ్చేది రాతిమొహంతో కప్పు ముందు కూర్చున్న మనిషి. కింద ‘ఆడపెళ్ళివారి గుండెల్లో రాయి’ అని ఎవరో రాసిన మాట. పెళ్ళికొడుకుల తండ్రులు ఇంటిముందు వరస కట్టారు. పెళ్ళికూతుళ్ళ తండ్రులు మాత్రం, ఆయన రాకపోతేనే మాట్లాడదాం అనడం మొదలుపెట్టారు. దాంతో హాజీ మళ్ళీ సందులు మారుతున్నాడు. తనని పిసినారి అన్నదెవరో, బెదిరించి పుచ్చుకునేవాడు అన్నదెవరో తెలుసుకోవడానికి మళ్ళీ మంగలి దగ్గర సగం గడ్డంతో ఫోను తీస్తున్నాడు.

మొన్న ఆ మంగలి కొట్లోనే, అమ్మాన్‌నుంచి వచ్చినవాడొకడు ఆయన్ని పోల్చుకున్నాడు.

“మీరు ఆ కాఫీ హాజీ కదూ? మాదబాలో వాళ్ళని ఏడిపించింది మీరేగా?”

“నేనా?” అన్నాడు హాజీ, నురగలోంచి. “మాదబా నేనెప్పుడూ వెళ్ళలేదు. ఇర్బిద్‌ ఎటుంటుందో కూడా తెలీదు. కాఫీ నాకు పడదు.”

“మరి ఆ పెళ్ళికొడుకు మీ తమ్ముడి కొడుకట కదండీ?”

హాజీ పక్క కుర్చీలో క్షవరం చేయించుకుంటున్న ఘైథ్ వైపు ఒకసారి చూశాడు.

“నాకు తమ్ముడే లేడు,” అన్నాడు.