సూదంటే వణికే నాగభూషణం

ఆస్ట్రేలియాలో మా టూవూంబా ఊళ్ళో ఆక్యుపంక్చర్ చేసే నాగభూషణానికి సూదులంటే భయం. నమ్మకపోతే అతని దగ్గరికి ఒక్కసారైనా వెళ్ళొచ్చిన వాళ్ళని అడగండి. పొట్లం చించి వెంట్రుకంత సూది బయటికి తీసేసరికి అతని నుదుట చెమట పడుతుంది. వేళ్ళ మధ్య సూది గాలిపటం తోకలా ఊగుతుంది. "ఇది మొన్నటిదానికంటే పొడుగ్గా లేదూ?" అని పేషెంటునే అడుగుతాడు.

సూదులతో సరిపెట్టుకునే మనిషైతే బాగానే ఉండేది. వసంతం వస్తే మాగ్‌పై పిట్టలు నెత్తిమీద తన్నుతాయని, కారు దిగి క్లినిక్ తలుపు దాకా నడవడానికి కూడా సైకిల్ హెల్మెట్ పెట్టుకుంటాడు. సైకిలు లేదు, హెల్మెట్టే ఉంది. కొండ దిగి బ్రిస్బేన్ వెళ్ళే దారిలో పొగమంచు పడితే ప్రయాణం మానేస్తాడు. "డాక్టరుగారూ" అని పిలిస్తే అటూ ఇటూ చూసి, "అలా అనకండి బాబూ, నేను సూదుల వాణ్ణి. ఎవరైనా వింటే నాకు భయం" అంటాడు.

ఇంత పిరికివాణ్ణి మనవాళ్ళు ఊరికే వదిలిపెడతారా? యూనివర్సిటీలో పాఠాలు చెప్పే బ్రహ్మయ్య, ఆత్మవిశ్వాసం మీద ఒక మధ్యాహ్నమంతా లెక్చరిచ్చాడు. నాగభూషణం ఆసాంతం విని, "మీరింత గట్టిగా మాట్లాడితే నాకు భయమేస్తోందండీ" అన్నాడు. కాత్యాయని ఆంటీ అయితే, అతనికెవరిదో దిష్టి తగిలిందని తేల్చేసి, ఎండుమిరపకాయలూ ఉప్పూ పట్టుకుని సరాసరి క్లినిక్కుకే వచ్చింది.

"కూర్చో నాగభూషణం. దిష్టి ఉంటే ఘాటు రాదు, చూస్తూ ఉండు" అని, దిగదుడిచి, మూకుట్లో నిప్పులమీద వేసింది.

ఘాటు వచ్చింది. పొగకు అలారం మోగింది. అలారానికి ఫైరింజను వచ్చింది. దగ్గు వైద్యానికి వచ్చి కూర్చున్న వాళ్ళందరూ ఒక్కపెట్టున దగ్గుకుంటూ పేవ్‌మెంటు మీదికి పరిగెత్తారు. ఎన్నాళ్ళుగానో కదలని కఫాలన్నీ ఆ ఒక్కరోజున తెగాయి. "నా వైద్యం కంటే ఆంటీ వైద్యమే మేలు" అని నాగభూషణం ఇప్పటికీ ఒప్పుకుంటాడు.

ఇంక నేను అతని చేతిలో ఎలా పడ్డానో చెప్పాలి. నా ఊపిరి గొట్టాలు కొన్ని సాగి సంచుల్లా అయిపోయాయి. వాటిలో కఫం చేరి, అద్దెకొచ్చిన మొండి మనిషిలా ఎంతకీ ఖాళీ చేయదు. పోయిన చలికాలం న్యుమోనియా వచ్చి తగ్గాక ఛాతీ డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. ఆ కఫం రోజూ బయటికి రావాలి, అక్కడే నిలవుంటే మరో న్యుమోనియా వస్తుంది, దాన్ని నా ఊపిరితిత్తులు తట్టుకోకపోవచ్చు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు ప్రతి దగ్గూ ఎవరో తలుపు తట్టినట్టే వినబడేది. ఏదో కథ చదువుకుంటూ వాక్యం మధ్యలో ఆగి, నా ఊపిరి నేనే వినేవాణ్ణి. లోపల ఎక్కడో గురగురమనేది. ఇంక ఆ కథలో ఎవరు బతికినా ఎవరు చచ్చినా నాకు పట్టేది కాదు.

దానికి తోడు నాకు చిన్నప్పటినుంచీ సూదంటే హడలు. రక్తపరీక్ష ఉన్న రోజున కారు తాళాలు దాచేసే మనిషిని. మా ఆవిడ శ్యామసుందరి నర్సుగా చేసి రిటైరైంది. సూదులు పొడిచే ఉద్యోగం చేసిన మనిషి నన్నెలా కట్టుకుందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. సూదుల వైద్యం కఫానికి కొందరికి మేలు చేస్తుందని ఎవరో చెబితే, ఆవిడ డాక్టరమ్మను అడిగింది. మందులు మానకుండా ఉంటే తనకు అభ్యంతరం లేదందట డాక్టరమ్మ.

"నేను రాను" అన్నాను.

"సూదంటే వణికే మీకు సూదంటే వణికే ఆయనే తగినవాడు. పదండి" అంది శ్యామసుందరి. ఆ రోజు నాకంటే ముందే తాళాలు ఆవిడ దాచేసింది.

బల్లమీద పడుకున్నాను.

"బాబాయిగారూ, భయంగా ఉందా?" అన్నాడు నాగభూషణం.

"ఉంది."

"హమ్మయ్య. నేనొక్కణ్ణే అనుకున్నాను."

నా కాలు పట్టుకుని, పిక్క బయటి పక్కన వేలితో నొక్కాడు.

"కఫం ఛాతీలో ఉంటే సూది పిక్కలోనా?" అన్నాను.

"ఛాతీలో గుచ్చడం నావల్ల కాదండీ! కింద ఊపిరితిత్తి ఉంటుంది. తలుచుకుంటేనే కాళ్ళు చల్లబడుతున్నాయి. కఫానికి పాయింటు ఇక్కడుందని మాకు నేర్పారు. తెగితే తెగుతుంది, లేకపోతే లేదు. మీ డాక్టరమ్మ మందులు మాత్రం ఒక్క పూట మానకండి. మానారని తెలిస్తే నాకు అన్నం సహించదు."

సూది ఎత్తాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"కళ్ళు తెరవండి నాయనా!" అని అరిచాను.

"తెరిస్తే సూది కనబడుతుంది కదండీ."

"ఏం కాదు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే. గట్టిగా ఊపిరి తీసుకోండి. నెమ్మదిగా వదలండి."

"మీరూ నాతోపాటు తీసుకుంటారా?"

పాపం, ఏం చేస్తాను? తీసుకున్నాను. వదిలాను. ఇద్దరం అలా కాసేపు కొలిమితిత్తుల్లా ఊదుకున్నాక, "ఊఁ, ఇంక ధైర్యంగా గుచ్చండి" అన్నాను.

"భయంలో చెయ్యి జారి ఎప్పుడో గుచ్చుకుపోయినట్టుందండీ. ఏమీ అనుకోకండి."

చూద్దును కదా, సూది పిక్కలో నిలబడి ఉంది. ఇంటికెళ్ళాక నిజంగానే కొంత కఫం తెగింది. సూది మహిమో, అతన్ని ఊరడించడానికి తీసుకున్న ఊపిరుల మహిమో నాకు తెలియదు. "అంత పిరికివాణ్ణి నేనెక్కడా చూడలేదు. నేను వెళ్ళకపోతే అతనికి ధైర్యం చెప్పేదెవరు?" అని శ్యామసుందరితో అన్నాను. వారం వారం వెళ్ళడం మొదలుపెట్టాను.

సెప్టెంబరు వచ్చింది, అంటే మాకిక్కడ వసంతం. ఊరంతా పూల పండగ. పార్కుల్నిండా పూలు, గాలినిండా పుప్పొడి. ఆ మధ్యాహ్నం పిక్కలో సూదులతో పడుకుని ఉండగా దగ్గు వచ్చింది. లోపల ఏదో కదిలి పైకి వచ్చి, సీసాకు బిరడా పెట్టినట్టు ఆగిపోయింది. ఊపిరి తీసుకుందామంటే సన్నటి ఈల తప్ప ఏమీ లేదు. గది అంచులు నల్లబడ్డాయి. డాక్టరమ్మ చెప్పిన ఆఖరిరోజు ఇదేననుకున్నాను. శ్యామసుందరి బయట గదిలోనే ఉంది. పిలుద్దామన్నా గాలి లేదు.

"లేవండి" అంది ఒక గొంతు. ఎవరిదో గుర్తుపట్టలేదు. సూదులు ఎప్పుడు తీశాడో, నన్ను ఎప్పుడు కూర్చోబెట్టాడో తెలియదు. "ముందుకు వంగండి. మోచేతులు మోకాళ్ళమీద. పిన్నిగారూ, లోపలికి రండి, ఆయన మందు పీల్చే నీలం పఫర్ అందుకోండి." మరోపక్క ఫోనులో ట్రిపుల్ జీరో అంబులెన్సు వాళ్ళకి నా వయసూ జబ్బూ వీధి పేరూ తడుముకోకుండా చెబుతున్నాడు. "నన్నే చూడండి. దగ్గకండి. నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టేలా ఊదండి. హా. కొంచెమైనా సరే. ఇంకోటి. హా."

ఊదాను. ఇంకోటి ఊదాను. ఏదో జారింది. చిక్కటి ముద్ద ఒకటి శ్యామసుందరి పట్టుకున్న టిష్యూలోకి వచ్చిపడింది. వెనకాలే గాలి. ఆ గాలి రుచి చెప్పడం నాకు చేతకాదు.

అంబులెన్సు అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుని, రక్తనాళంలోకి సూది పెట్టాలంది. దాన్ని చూడగానే చెయ్యి లాక్కున్నాను. చావు నుంచి అప్పుడే బయటపడ్డవాణ్ణి, అయినా లాక్కున్నాను.

నాగభూషణం నా పక్కనే దబ్బున నేలమీద కూలబడ్డాడు. "బాబాయిగారూ, చూశారా దాన్ని? అది సూది కాదు, పలుగు! నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నా చెయ్యి పట్టుకోండి."

"అయ్యో, తల వంచుకోండి నాయనా. అటు చూడకండి. ఊపిరి తీసుకోండి. ఏం కాదు, నేనున్నాను..."

"ఆల్ డన్, మేట్" అంది అంబులెన్సు అమ్మాయి, అప్పటికే నాకు సూది పెట్టేసి.

అప్పుడు గమనించాను. నా చేతిలో ఉన్న నాగభూషణం చెయ్యి పొడిగా, రాయిలా నిలకడగా ఉంది. వణుకుతున్నది నాదే.

మర్నాడు ఆసుపత్రికి చూడవచ్చినప్పుడు నిలదీశాను. "ఎన్నాళ్ళనుంచయ్యా ఈ నాటకం?"

"మెల్లగా అండీ, ఎవరైనా వింటారు" అని కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. "కొత్తలో నేను బాగా ధైర్యంగా ఉండేవాణ్ణి. ఒకావిడ ఆయాసంతో వస్తే 'ఏం కాదు, ఏం కాదు' అంటూనే ఉన్నాను. బల్ల దిగి వెళ్ళిపోయింది. తర్వాత ఏ వైద్యుడి గుమ్మమూ ఎక్కలేదట. ఆ తర్వాత ఒకాయన వణికితే, ఆయన్ని చూసి నాకూ నిజంగానే వణుకొచ్చింది. నన్ను ఊరడిస్తూ ఊరడిస్తూ ఆయన తన భయం మరిచిపోయాడు. ఇదేదో బాగుందే అనుకున్నాను."

"మరి ఆ దిష్టి?"

"ఆంటీ అంత ప్రేమగా మిరపకాయలు తెస్తే వద్దంటామా?"

"హెల్మెట్టు?"

"అది మాత్రం నాటకం కాదండీ. ఆ పిట్ట నిజంగానే తంతుంది."

నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే కఫం వచ్చింది. డ్యూటీ నర్సు మెచ్చుకుంది.

ఆ నెల చివర్లో మళ్ళీ క్లినిక్కుకు వెళ్ళినప్పుడు, వెయిటింగ్ రూములో బిందుమాధవి అని యూనిలో చదివే పిల్ల కూర్చుని ఉంది. ఆగకుండా దగ్గుతోంది. సంచి ఒళ్ళో పెట్టుకుని తలుపు వంకే చూస్తోంది, లోపలికెళ్ళే తలుపు కాదు, బయటికెళ్ళేది.

"అంకుల్, డజ్ ఇట్ హర్ట్? నేను ఇంకో రోజు వస్తానేమో..." అంది.

"నీకేం ఫరవాలేదమ్మా. నాకు బెంగంతా లోపలున్న ఆయన గురించే" అన్నాను గొంతు తగ్గించి. "సూదంటే చచ్చేంత భయం ఆయనకి. కొత్తవాళ్ళొస్తే మరీను. కాస్త చూసుకోమ్మా."

"సీరియస్‌లీ? పూర్ థింగ్!" అని ఆ పిల్ల సంచి కుర్చీలో పడేసి, చొక్కా చేతులు పైకి మడుచుకుని లోపలికి నడిచింది. శ్యామసుందరి నా వంక చూసి పెదవి బిగించి నవ్వు ఆపుకుంది.

కాసేపటికి తలుపు వెనకనుంచి మాటలు వినబడ్డాయి.

"అమ్మో, వద్దమ్మా, ఇవాళ్టికి వదిలేద్దాం" అంటున్నాడు నాగభూషణం.

"నో వే అంకుల్. వీ ఆర్ డూయింగ్ దిస్" అంటోంది బిందుమాధవి.