బారిస్టరు కూడా ఓడిన కేసు

బేతంచెర్ల స్టేషన్‌లో కలిసిన ఒకామె చెప్పింది ఏ కోర్టులోనూ నమోదు కాలేదు. కనీసం ఇక్కడైనా ఉండాలని రాస్తున్నాను.

నేను లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఒక ఇంగ్లీషు బారిస్టరు జీవితచరిత్ర చదువుతున్నాను. పక్కన కూర్చున్న ఆమె "ఏం పుస్తకమప్పా?" అంది. నాకు హుషారొచ్చింది. వందేళ్ల కిందట ఆయన బొగ్గుగని కూలీల తరఫున వాదించి, తర్వాత పార్లమెంటుకు వెళ్లాడని చెప్పాను.

"మా ఇంటాయన గూడా గనిలోనే సచ్చిపాయ. నాపరాయి బండ మీద పడె. ఇంటికాడ నీళ్లు పోసి, పాస్టరుతో ప్రార్థన చేయించల్లని, పోలీసులు రాకముందే మోసుకొస్తిమి. ఇప్పుడు ఓనరు, ఇంట్లో సచ్చినాడంటాండాడు. మోసిన నలుగురూ నోరు తెరవరు. వాళ్లకూ పని గావల్ల గదా. మీ బారిస్టరైతే గెలుస్తాడా?"

పుస్తకంలో ఉన్నదే చెప్పాను. "పని పోతుందని సాక్షులు భయపడినప్పుడు ఆయనా ఓడిపోయాడమ్మా."

"దొరకే చేతగాలేదంటే మావోళ్లనేమంటాంలే," అని నవ్వి రైలెక్కింది.

పుస్తకం వెతికిచ్చిన లైబ్రేరియన్ మద్దిలేటి గారికి, ఈ రాతలో తప్పులు దిద్దిన దస్తగిరి మాస్టారికి కృతజ్ఞతలు. మోసిన నలుగురి పేర్లూ ఆమె నాకు చెప్పింది. వాళ్లింకా ఆ గనిలోనే పనిచేస్తున్నారు కాబట్టి రాయడం లేదు.