గంగులయ్య వేసిన పట్టీలు

మా అక్క మునెమ్మ మొగుడు గంగులయ్యకు పుంగనూరులో వెల్డింగ్ షాపు ఉండేది. కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో రాతి దిమ్మెలను గుంతలోంచి పైకెత్తే డెరిక్‌లు ఆయన చేతిలో తయారయ్యేవి. డెరిక్ అంటే ఒక లావుపాటి ఇనుప స్తంభం, దాని పాదం దగ్గర నుంచి చాచిన పొడుగు చెయ్యి, ఇనుప తాళ్లు. అలాంటి ఒకదాని కింద దిమ్మెలకు తాడు చుట్టే కూలిని నేను. పన్నెండు టన్నుల రాయి తలమీద ఊగుతుంటే ఎవరికైనా భయమే. నాకు మాత్రం బావ చేసిన డెరిక్ కదా అని ధైర్యం.

తొంభై తొమ్మిదిలో మదనపల్లెలో ఒక కాలేజీవాళ్లు ఎగ్జిబిషన్‌కు రాకెట్టు బొమ్మ చెయ్యమన్నారు. చంద్రుడి మీదికి మనుషుల్ని మోసుకెళ్లిన సాటర్న్ ఫైవ్. బావ రేకుతో ఇరవై అడుగులది చేశాడు. లారీలోంచి దించడానికి నేనూ సాయం వెళ్లాను. అక్కడ రామచంద్ర సార్ అనే లెక్చరర్ దాని చుట్టూ తిరిగి చూసి మెచ్చుకున్నాడు.

"అసలుది నూటపది మీటర్లప్పా. మూడువేల టన్నుల బరువు. కింద అయిదు ఇంజన్లు. ముట్టించినాక కూడా దాన్ని ఇడిసిపెట్టలా. ఇనుప చేతుల్తో కొన్ని సెకండ్లు పట్టుకోనుండారు. అయిదూ సరిగ్గా మండుతాండాయని తెలిసినాకే వదిలినారు."

"అతుకులెవరు ఏసినారు సార్?" అని అడిగాడు బావ.

సార్ నవ్వాడు. "అందరూ ఖర్చెంతయిందని అడుగుతారు, నువ్వు అతుకులడుగుతాండావు సూడు. మీ మాదిరి పనోళ్లే ఏసినారు. ఏసిన అతుకులకు ఎక్స్‌రే తీసి సూసినారు."

"ఎముకలకు తీసినట్లా?"

"అట్లే. లోపల పగులుంటే పైకి కనపడదు గదప్పా."

బావ మొహం ఎందుకో వాడిపోయింది. అసలు రాకెట్టు లాంటిది మళ్లీ చెయ్యలేరా అని నేను సార్‌ను అడిగాను.

"కాగితాలుండాయి. అయితే పని చేసేటప్పుడు కాగితంలో లేని సర్దుబాట్లు ఎన్నో చేసింటారు. అవి ఆ చేతులకే తెలుసు. ఆ చేతులిప్పుడు యాడుండాయి?"

పుంగనూరు బస్సులో కండక్టరు చిల్లర ఇస్తుంటే బావ తీసుకోకుండా ఎటో చూస్తున్నాడు. "ఏం బావా, రాకెట్టెక్కి పైకి పోయినావా ఏంది?" అని ఎగతాళి చేశాను. అప్పుడు నా వైపు తిరిగాడు.

"రేపు నువ్వు గుంతలోకి దిగొద్దు మునిస్వామీ."

"యాల?"

"తొంభై నాలుగులో మీ డెరిక్ పాదం కాడ పగిలింది. ఆ ముక్క కోసేసి కొత్తది పెట్టాల. ఓనరు రెండు దినాలు కూడా ఆగనన్యాడు. పగులు మీద ఇనుప పట్టీ ఏసి, గ్రైండింగ్ పట్టి, పెయింటు కొట్టేసినా. లోపల అది అట్లే ఉండాది."

"అయిదేండ్లుగా నేను దాని కిందనే ఉండా గదా."

"తెలుసు."

ఇన్నేళ్లూ మా ఇంట్లో నా పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి.

"ఆ ఓనరుదే ఇంకో డెరిక్ ఉండాది," అన్నాడు బావ కిటికీ వైపు చూస్తూ. "దానికీ అట్లే ఏసినా."

మరునాడు పొద్దున్నే ఇద్దరం కుప్పం వెళ్లాం. మేస్త్రీ సుబ్రహ్మణ్యం ఎదురొచ్చి, "ఏమప్పా గంగులయ్యా, బిడ్డను సూసుకోని పోదామని వచ్చినావా?" అన్నాడు.

బావ స్తంభం పాదం దగ్గర కూర్చుని పెయింటు గీకాడు. కిరసనాయిలు పట్టించి, కాసేపు నాననిచ్చి, పొడిగుడ్డతో తుడిచేశాడు. దానిమీద పలచగా సున్నం పూశాడు. పనివాళ్లం ఎనిమిదిమందిమీ చుట్టూ నిలబడ్డాం. సున్నం ఆరేకొద్దీ తెల్లదనంలో నల్లటి దారం ఒకటి లేచింది. లోపల దాక్కున్న కిరసనాయిలు పగులులోంచి బయటికి ఊరుతోంది. ఆ దారం పట్టీ దాటి అటూ ఇటూ పాకి, స్తంభం చుట్టూ సగానికి పైగా వచ్చింది.

"మరక సూపించి పని ఆపుతావా? సాయంత్రానికి దిమ్మె మద్రాసు హార్బరుకు పోవాల!" అని మేస్త్రీ గుడ్డతో తుడిచేశాడు.

బావ మళ్లీ పూశాడు. దారం మళ్లీ అక్కడే లేచింది.

ఆ రోజు ఎవరమూ గుంతలోకి దిగలేదు. ఓనరు వచ్చి నానా తిట్లూ తిట్టి, చివరికి కొయ్యమన్నాడు. గ్యాస్ కటింగ్‌తో బావే కోశాడు. ముక్క ఊడొచ్చాక చూస్తే లోపలంతా తుప్పు. ఒకచోట రూపాయి బిళ్లంత మందం ఇనుము మాత్రమే పట్టుకుని ఉంది.

"రెండోది యాడుండాది?" అన్నాడు బావ.

"దాన్ని అమ్మేసి రెండేండ్లాయ," అన్నాడు మేస్త్రీ. ఈసారి అతని గొంతు తగ్గింది. "బ్రోకరు విప్పి లారీలో ఏసుకుని పోయినాడు. క్రిష్ణగిరి పక్కకో, కోలారు పక్కకో. ఆ బ్రోకరు గూడా ఇప్పుడు లేడు."

తప్పు తనే ఒప్పుకున్నాక బావకు కుప్పంలో ఎవరూ పని ఇవ్వలేదు. అయినా ఆదివారాలు సున్నం డబ్బా, కిరసనాయిలు సీసా సంచిలో పెట్టుకుని క్రిష్ణగిరికో కోలారుకో బస్సెక్కేవాడు. చాలా క్వారీల్లో గేటు దగ్గరే తరిమేశారు. రెండుచోట్ల కొట్టారు. రానిచ్చినచోట గీకి, పూసి, చూసి వచ్చేవాడు. డెరిక్‌లన్నిటికీ కొత్త రంగులు, కొత్త పేర్లు. ఆరేళ్లు తిరిగినా ఆ రెండో డెరిక్ దొరకలేదు.

"చాల్లే, నువ్వు చేసింది నువ్వు చెప్పినావు గదా," అనేది అక్క.

"చెప్పింది మీకు. దాని కింద ఉండేటోళ్లకు కాదు."

రెండువేల అయిదులో ఆయన కళ్లు పోయాయి. ఇప్పుడు మంచం మీద కూర్చుని రోజూ నాచేత పేపరు చదివిస్తాడు. క్వారీలో డెరిక్ కూలి కూలీలు చనిపోయారని అప్పుడప్పుడు ఏదో ఒక మూల వార్త పడుతుంది. ఊరి పేరు, చచ్చిపోయినవాళ్ల పేర్లు విని బావ నా మోచెయ్యి పట్టుకుంటాడు.

"పాదం కాడ ఇరిగిందా, తాడు తెగిందా? సరిగ్గా సూడు మునిస్వామీ."

పేపర్లో అది రాయరు.