లాజరస్ అయ్యగారి బలం

లాజరస్ అయ్యగారి ముందు 'బలం' అన్న మాట అని సులువుగా తప్పించుకున్నవాడు అనంతగిరి కొండల్లో లేడు. పాస్టరు కదా, శాంతమూర్తి అనుకుంటాం. మాట ఇలా నోరు దాటిందో లేదో, ఆయన అలా పట్టుకునేవారు.

"బలమా? ఎక్కడుందది? సూపించు!"

పాత నిబంధన రాసిన హెబ్రీవాళ్ళు బలాన్ని గాలికి వదిలెయ్యలేదని ఆయన వాదం. దేవుడు బలవంతుడని ఊరుకోరట, చెయ్యి చాపాడంటారట. రాజుకి బలం పెరిగితే కొమ్ము లేచిందంటారట. "కంటికి కనపడాలి. అదీ మాటంటే!" అని ప్రసంగం బల్ల మీద గుద్దేవారు. పాపం, ఆ బల్లకి ఒక కాలు ఎప్పుడో పోయింది.

సాలూరు నుంచి టానిక్కులమ్మే మనిషి వచ్చి "ఇది తాగితే మంచి బలమండీ" అన్నాడు.

"సేతికా, కొమ్ముకా?"

"కొమ్ములకైతే పశువుల డాక్టరుంటాడండీ" అని సీసాలు సర్దుకుని జీపెక్కేశాడతను. ఎన్నికలప్పుడు ఓ నాయకుడు మైకులో "మీరే నా బలం" అన్నాడు. అయ్యగారు ముందు వరసలో లేచి "అయితే సెయ్యేదీ బాబూ? మా రోడ్డు మీదకి సాపు!" అన్నారు. జనం ఒకటే ఈలలు. అవన్నీ తలుచుకుంటే, ఆ ఊళ్ళోనే పెరిగిన డాలీకి ఇప్పటికీ పాడేరులో తను పనిచేసే ఆఫీసులో ఒక్కత్తికే నవ్వొస్తుంది. అబ్బ, ఎంత బాగుండేవి ఆ రోజులు!

ఒక్కసారి మాత్రం నవ్వు రాలేదు. వాళ్ళమ్మ తెరిసమ్మకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కాఫీ పళ్ళు కోయడంలో ఊరంతటికీ ముందుండే మనిషి, గోడవైపు తిరిగి పడుకుంది. ఇప్పుడు కదపకపోతే ఆ చెయ్యి ఇంక రాదని డాక్టరు చెప్పేశాడు. డాలీ ఏడ్చి మొత్తుకున్నా, "సచ్చిపోయిన సెయ్యికి కసరత్తేటే?" అని తల్లి విసుక్కునేది.

ఓ సాయంత్రం అయ్యగారు దిగారు. డాలీ గడపలోనే అడ్డం వెళ్ళింది.

"అయ్యగోరూ, మీకు దండం పెడతాను. మాయమ్మ ముందు ఆ సేతుల గొడవ ఎత్తకండి."

వింటేనా! నేరుగా వెళ్ళి తెరిసమ్మకి కుడిపక్కన కూర్చున్నారు.

"సెయ్యెత్తకపోతే నా ప్రార్థన గడప దాటదు తెరిసమ్మా. ఎత్తితే ముసలి సెయ్యి వణుకుతాది, నిలవదు. పూర్వం బైబిల్లో, యుద్ధం జరుగుతంటే ప్రార్థన సేసే పెద్దాయన సేతులు వాలిపోతంటే పక్కోళ్ళు ఎత్తి పట్టుకున్నారు, గెలిసారు. నా మోసేతి కింద నీ సెయ్యెట్టు."

"ఎడం సెయ్యెడతానయ్యగోరూ."

"నీ కుడిపక్క కూకున్నాను కదా! కుడిదే అందుతాది."

పాస్టరుగారి మాట తీసెయ్యలేక, తెరిసమ్మ ఎడంచేత్తో కుడిచేతిని ఎత్తి అక్కడ పెట్టింది. రోజూ అదే తంతు. ప్రార్థన మనుషులతో మొదలై, మేకలూ కాఫీ చెట్లూ దాటి అరకు రైలు దాకా సాగేది. మధ్యలో "జారిపోతంది, ఎత్తెత్తు!" అని కేక. అది దేవుడితో అంటున్నారో తెరిసమ్మతో అంటున్నారో తెలిసేది కాదు.

వానలు వెళ్ళేసరికి తెరిసమ్మ గరిటె పట్టింది. కాఫీ కోతల రోజుల్లో డాలీ రోడ్డు మీద చూస్తే, అయ్యగారి ముసలి చెయ్యి నిండు కాఫీ బస్తాని జీపు మీదికి విసిరేస్తోంది! ఒక్క ఉదుటున ఇంటికి పరిగెత్తింది.

"అమ్మా! ఆయన సెయ్యికి ఏటీ అవ్వనేదే! నీకోసమే వణికించీవోడు!"

తెరిసమ్మ కుడిచేత్తో అల్లం దంచుతోంది. తల కూడా ఎత్తలేదు.

"తెలుసునే గుంటా. ఎప్పుడో తెలుసు."

"మరి ఆయన ముందు ఇంకా సెయ్యి వాల్చేత్తన్నావేటి?"

"బాగయిందంటే రేపట్నుంచి రాడు. పాస్టరమ్మ పోయిన కాడ్నుంచి ఒక్కడే ఉడకేసుకుని తింతన్నాడు. ఇక్కడైతే ప్రార్థనయ్యాక ఇంత వేడి అంబలి తాగెల్తాడు."

ఆ సాయంత్రం అయ్యగారు చెయ్యి వణికిస్తూ ఎత్తారు. తెరిసమ్మ మూలుగుతూ తన చెయ్యి ఆయన మోచేతి కింద పెట్టింది. ఇద్దరూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఆమేన్ అనే తొందర ఇద్దరిలో ఎవరికీ ఉన్నట్టు లేదు. డాలీ నవ్వాపుకుంటూ లేచి, ప్రార్థన అయ్యేలోపు చిక్కబడిపోకుండా పొయ్యి మీద అంబలిలో ఇంకో చెంబెడు నీళ్ళు పోసింది.