పూస కట్టిన దారం

కర్నూలు పాతబస్తీలో మా నాయన బట్టలంగడి నడిపిన రోజుల్లో కౌంటరు మీద ఎప్పుడూ ఒక అగ్గిపెట్టె ఉండేది. ఆయన బీడీ తాగడు. అది బట్ట కోసం. కొత్త సరుకు రాగానే అంచు నుంచి ఒక పోగు లాగి, కొనకు నిప్పంటించి, నా ముక్కు దగ్గర పెట్టేవాడు. కాలిన కాగితం వాసన వచ్చి, నలిపితే బూడిదై రాలిపోతే అది నూలు. ప్లాస్టిక్ వాసన కొట్టి, కొన ముడుచుకుని గట్టి నల్లపూసలా మిగిలితే అందులో పాలిస్టర్ కలిసినట్టు. "పూస కడితే అబద్ధం, బూడిదైతే నిజం" అనేవాడు.

నేను గల్లాలో కూర్చునేసరికి పంచెల గిరాకీ తగ్గి టీషర్టులు వచ్చాయి. పరీక్షలు మాత్రం ఆయనవే. వెలుతురుకు ఎత్తి చూస్తే అల్లిక దగ్గరగా ఉండాలి. భుజం దగ్గర సాగదీసి వదిలితే మళ్లీ మొదటికి రావాలి. బొటనవేలితో గట్టిగా ఇరవైసార్లు రుద్దితే నూగు లేవకూడదు. పొద్దున్నే కట్టలు విప్పినప్పుడు వచ్చే కొత్త నూలు వాసన, ఎదురంగడి సాయిబు పంపే అల్లం టీ, వేళ్ల కింద మెత్తగా కదిలే బట్ట. ఆ పొద్దులు తలుచుకుంటే ఇప్పటికీ హాయిగానే ఉంటుంది. ఆ హాయిని పాడుచేసుకున్నది నేనే.

ఓర్వకల్లు దిక్కు నుంచి ఒక అక్క వచ్చేది. రాతిగుట్టల నడుమ ఊరు, కాస్త మెట్టచేను, ఊళ్లో ముత్తాతల నాటి చర్చి. వచ్చినప్పుడల్లా ఉడకబెట్టిన బుడ్డలు తెచ్చేది. వేరుశనక్కాయల్ని మేం అట్లే అంటాం. ఎనిమిదేళ్ల కిందట ఒకరోజు చర్చి పండగకని వచ్చింది.

"ఏమప్పా, మా మగపిల్లోళ్లకు నలభై బనీన్లు కావాల. నేరేడురంగువి."

"బనీన్లు కాదక్కా, టీషర్టులు."

"యాదో ఒకటి. ఎండలో తిరిగేటోళ్లు, ఒంటికి అతుక్కోకూడదు. అసలు నూలే కావాల. నువ్వు మంచివి ఇస్తావని అందరికీ నేనే చెప్పినా. నా మాట నిలబెట్టు."

ఏజెంటు సరుకు ఆలస్యంగా పంపాడు. లోపల చీటీ మీద పూర్తి కాటన్ అనే ఉంది. అలవాటు కొద్దీ ఒక పోగు లాగి వెలిగించాను. పూస కట్టింది. పండగ ఇంకా రెండు రోజులే ఉంది. తిప్పి పంపితే కొత్తవి రావు. పూసను గోటితో చిదమబోతే చితకలేదు. కింద పారేసి, టీషర్టులు మడతపెట్టించి పంపేశాను.

నూలుకూ నూగు లేస్తుంది. నాలుగు ఉతుకులకు రాలిపోతుంది. పాలిస్టర్ పోగు గట్టిది కాబట్టి లేచిన నూగును వదలదు, ఉండ కట్టి పట్టుకుని వేలాడుతుంది. నెల తిరక్కుండానే నలభై టీషర్టుల మీద, చంకల్లో, పొట్ట దగ్గర, రాగిగింజలంత ఉండలు. చర్చి పెద్దలు ముగ్గురు అక్కను వెంటబెట్టుకుని అంగడికి వచ్చారు.

"ఏమప్పా, గొర్రెబొచ్చు కప్పినావే మాకు," అన్నాడు అందులో ఒక పెద్దాయన.

నేను అక్క ముఖం చూడకుండా అడిగాను. "పంచకముందు వీటిని ఉతికిందెవరు?"

"నేనేప్పా. కొత్త గుడ్డలు కదా, గంజి పోవాలని."

"యాడ?"

"బోరు కాడ, బండ మీద."

"అదే మరి. ఉప్పునీళ్లు, పైగా బండ. బాదితే ఉండలు కట్టక ఏమైతాది? తిరగేసి, నానబెట్టి, చేత్తో మెల్లగా నలపాలక్కా. నీడన ఆరేయాల."

నేను చెప్పిన జాగ్రత్తల్లో తప్పు లేదు. అందుకే అబద్ధం అంత బాగా నిలబడింది. పెద్దలు ఆమె వైపు తిరిగారు. ఆమె తన అరచేతులు చూసుకుని, "నావి మోటు చేతులప్పా," అంది. ఆ తర్వాత అంగడికి రాలేదు.

పోయిన ఏడు ఆ ఊరికి ఒక పెళ్లికి వెళ్లి, వాళ్లింటికీ పోయాను. పందిరి నీడన తీగ మీద బట్టలన్నీ తిరగేసి ఆరేసి ఉన్నాయి.

"నువ్వు చెప్పినట్టే చేస్తాండాప్పా," అంది అక్క.

కోడలు నవ్వింది. "మా అత్త గోనెసంచి కూడా తిరగేసే ఉతుకుతాది."

ఆ మాట మీదనే ఇంకో సంగతి తెలిసింది. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డను అక్క కొత్తకోడలుగా వచ్చినప్పటి నుంచీ ఉతికేదట. టీషర్టుల గొడవ తర్వాత మానేసింది. ఆ పని ఎవరూ లాక్కోలేదు, తనే ఇంకొకామెకు ఇచ్చేసింది. "మోటు చేతులకు తెల్లగుడ్డ ఎందుకులే అనుకున్నా," అంది మామూలుగా.

మళ్లీ ఆదివారం అగ్గిపెట్టెతో ఆ చర్చికి పోయాను. వాళ్లలో ప్రార్థన అయ్యాక ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పొచ్చు. నేను వాళ్ల మతం వాణ్ని కాకపోయినా పాస్టరు ఒప్పుకున్నాడు. పాత నేరేడురంగు టీషర్టు ఒకటి అడిగి తీసుకుని, పోగు లాగి వెలిగించాను. పూస అందరి చేతుల్లోకీ పోయింది. "తప్పు బండది కాదు, నీళ్లది కాదు, అక్కది కాదు. గుడ్డలోనే ఉండాది తప్పు," అన్నాను. తెల్లగుడ్డ చూసుకునే ఆమె లేచి, దాన్ని తెచ్చి అక్క ఒళ్లో పెట్టింది.

అందరూ పోయాక గడప దగ్గర అక్క నన్ను ఆపింది.

"అప్పుడు నీకు తెలీదు కదప్పా?"

"తెలీదక్కా."

"తెలీకుంటే నీ తప్పేముండాది," అని, గుడ్డ చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నా సాక్ష్యం అక్కడ సగమే అయింది. మిగతా సగం కోసమే ఇదంతా రాశాను. పెద్దక్షరాల బైబిలును ఆమె కూడబలుక్కుని చదువుతుంది. దీన్నీ పెద్దక్షరాల్లో కొట్టించి ఇస్తాను. ఆగి ఆగి చదివినా అర్థమయ్యేలా చిన్న మాటల్లో చెబుతున్నాను.

అక్కా, నాకు తెలుసు. పండగకు రెండు రోజుల ముందే తెలుసు.