మూలకున్న క్లాసు

ప్రోగ్రాంను ఫ్లాపీలో ఎక్కించే ముందు నసీమా పెన్సిలు చెక్కుకుంటుంది. ప్రోగ్రాం అంటే క్లాసులనే చిన్న చిన్న ముక్కల కూర్పు; వాటిలో ఏ క్లాసు ఏ క్లాసును పనికి పిలుస్తుందో కాగితం మీద రాస్తూ పోతుంది. కొత్త పేరు రావడం ఆగేదాకా కుర్చీలోంచి లేవదు. ఒక్క క్లాసు వెంట రాకపోయినా అవతలి కంప్యూటర్‌లో పని ఆగిపోతుంది.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూచే కాంటాకు ప్రోగ్రాం తీసుకుపోవడానికి గుమాస్తా ఆత్మారాం వచ్చాడు. మర్నాడే చెరకు క్రషింగ్ మొదలు.

“మిషినే లిస్టు ఇచ్చింది గదా చెల్లె, ఇంకేం సూస్తున్నవ్?”

“షాదీకి పిలిచేటప్పుడు అందరు యాదికొస్తరన్నా, మూలకున్న అవ్వనే మరుస్తరు” అంటూ నసీమా ఒక వరుస మీద వేలు ఆపింది. మహారాష్ట్ర రైతు వచ్చినప్పుడే పనిలోకి దిగే క్లాసు, మరాఠీలో తూకం చీటీ అచ్చువేసేది, మిషిన్ ఇచ్చిన లిస్టులో లేదు. దాన్నీ చేర్చింది.

మర్నాడు మొదటి బండే సరిహద్దు అవతలిది. మరాఠీ చీటీ బయటికొచ్చింది. రైతు చదువుకుని టోపీలో దోపుకున్నాడు. కాంటా మీది బండిని దింపమనడం మరిచి, ఆత్మారాం ప్రింటర్ వైపే చూస్తూ నిలబడ్డాడు.